పాత ఫొటోలో లారీ ఏ కంపెనీదో, ఎప్పటిదో పట్టుకోవడం ఎలా

ఫొటో వెనక "డీసీఎం వ్యాన్, బేగంబజార్" అని రాసి ఉంటే అందులో నమ్మదగ్గది బేగంబజార్ ఒక్కటే. మన హైదరాబాద్‌లో మధ్యరకం సరుకు బండి ఏదైనా డీసీఎమ్మే. అసలు డీసీఎం-టొయోటా వచ్చింది 1980ల మధ్యలో. ఆ రోజుల్లోనే ఐషర్-మిత్సుబిషి, స్వరాజ్-మాజ్దా వచ్చాయి, మన ఆల్విన్ వాళ్లు నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో క్యాబ్‌స్టార్ చేశారు. నాలుగూ బానెట్ లేని చపటి ముఖాలే. ముందు జాలీ (గ్రిల్) మీది అక్షరాలు చదవకుండా వీటికి పేరు పెట్టొద్దు.

ఇంకా పాత బండ్లకు ఒకటే సూత్రం: ముందు అద్దానికి ముందువైపు, అంటే ముక్కు వైపు ఉన్నదే కంపెనీది. చాలా లారీలు చాసీ (అడుగు ఇనప చట్రం), ఇంజను, బానెట్, మడ్‌గార్డులతోనే వచ్చేవి. తలుపులు, టాపు, వెనక డాలా (సరుకు వేసే తొట్టి) అంతా ఇక్కడి వడ్రంగి, కమ్మరి పని. బాడీ చూసి కంపెనీ చెప్పబోతే తప్పులో కాలేసినట్టే. కాకపోతే ఏ ఊళ్లో బాడీ కట్టారో తెలియడానికి అది పనికొస్తుంది.

ముందుగా మంచి స్కాన్ కావాలి. నాలుగు ఇంటూ ఆరు అంగుళాల ప్రింటుకు 1200 డీపీఐ (అంగుళానికి 1200 చుక్కలు) పెట్టండి. మెరిసే కాగితాన్ని ఫోనుతో తీస్తే వెలుగు సరిగ్గా నంబర్ ప్లేటు మీదే పడి చస్తుంది. ఆ తర్వాత నెగెటివ్ తిరగేసి ప్రింటు వేశారేమో చూడాలి. స్టీరింగ్ ఎడమవైపు ఉందని అమెరికా బండి అనేసేముందు, పక్కన నిలబడ్డ మనిషి చొక్కా జేబు చూడండి. అది అతని కుడి రొమ్ము మీద ఉంటే తిరగబడింది ఫొటోయే.

ఇక ముఖాలు. బొంబాయి ప్రీమియర్ ఆటోమొబైల్స్ లారీలకు డాడ్జ్, ఫార్గో, డిసోటో అని పేర్లు ఉండేవి, మూడూ అమెరికా క్రైస్లర్ కంపెనీ పేర్లే. రేకు ఒకటే, బానెట్ మీది అక్షరాలే వేరు. అక్షరాలు కనపడకపోతే "క్రైస్లర్ కుటుంబం" అని రాసి ఊరుకోవడం మేలు. 1953లో వచ్చిన బెడ్‌ఫర్డ్ ఏ-టైపు ఇంగ్లండుదే అయినా ముఖం అచ్చం అమెరికా షెవ్రొలేది. ఈ రెంటినీ కలిపేసినవాళ్లు కోకొల్లలు. షెవ్రొలే అయితే 1947 నుంచి 1953 దాకా జాలీలో అయిదు అడ్డ పట్టీలుంటాయి. షెవ్రొలే యజమాని జనరల్ మోటార్స్ బొంబాయి శివ్రీలో 1928 నుంచి 1954 దాకా బండ్లు బిగించింది. అంటే షెవ్రొలే కనిపించినంత మాత్రాన ఓడలో తయారుగా దిగిన బండి అనుకోనక్కర్లేదు.

మూడు కోణాల నక్షత్రం ఉంటే టాటా-మెర్సిడెస్. ఆ రెండు కంపెనీల ఒప్పందం 1954లో మొదలై 1969లో ముగిసింది. నక్షత్రం చెప్పేది బండి వయసు, ఫొటో వయసు కాదు. దాన్ని పీకేయకుండా తుడిచి తుడిచి ఎనభైల దాకా తిప్పినవాళ్లున్నారు.

ముందు అద్దం పైభాగం ముందుకు, అడుగు లోపలికి ఉండి, ముక్కు పొట్టిగా, కుక్క మూతిలా ఉంటే అది కెనడాలో చేసిన యుద్ధకాలపు ఫోర్డో, షెవ్రొలేనో. ఎండ అద్దం మీద మెరిసి పైన విమానానికి కనపడకుండా అలా వంచారు. యుద్ధం అయిపోయాక మిలిటరీ వేలాల్లో వీటిని కొని సరుకు లారీలుగా మార్చుకున్నారు.

నంబర్ ప్లేటు ఆంధ్రప్రదేశ్‌దైతే, 1989కి ముందు ఏ-తో మొదలయ్యే మూడు అక్షరాలు, వాటి వెనక అంకెలు. మూడో అక్షరం జెడ్ అయితే ఆర్టీసీ బండి. నుదుటి మీద "పబ్లిక్ క్యారియర్" అంటే కిరాయి లారీ, "ప్రైవేట్ క్యారియర్" అంటే తన సరుకు తానే మోసుకునే వ్యాపారిది. ఈ తేడా 1939 చట్టంది, 1988 చట్టంలో పోయింది. తలుపు మీద అడ్రసులో ఆరంకెల పిన్ కోడ్ ఉంటే ఆ రాత 1972 ఆగస్టు 15 తర్వాతిది. "హైదరాబాద్-20" అని పాత తపాలా జోన్ నంబరు మాత్రమే ఉంటే అంతకుముందుదే అనడానికి లేదు, పాత అలవాటు చాలాకాలం పోలేదు.

బండి సరిగ్గా పక్కనుంచి కనిపిస్తూ, రెండు చక్రాలూ గుండ్రంగా, ఒకే సైజులో ఉంటే స్కేలు తీయండి. ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమి దాకా కొలిచి, టైరు కొలతతో భాగించండి. టైరును నిలువుగా కాదు, అడ్డంగా కొలవాలి. లోడు మీదున్న టైరు అడుగున నొక్కుకుపోతుంది. టాటా 1210 పొడుగు చాసీలో చక్రాల నడిమి దూరం 4225 మిల్లీమీటర్లు, దాని 9.00-20 సైజు టైరు అడ్డకొలత దాదాపు 1020. లెక్క 4.1 దగ్గర రావాలి. బాగా తక్కువొస్తే పొట్టి చాసీ, లేదా మీరనుకున్న బండి కాదు.

చివరగా బానెట్‌కీ మడ్‌గార్డుకీ మధ్య సందు చూడండి. ఒకవైపు వేలు దూరేంత, రెండోవైపు మూసుకుపోయి ఉంటే గుద్దుకున్నాక తుక్కు దుకాణం నుంచి వేరే ముక్కు తెచ్చి తగిలించి ఉండొచ్చు. అలాంటప్పుడు క్యాప్షన్‌లో "ముందు భాగం ఫార్గో" అని ఆపండి, "ఫార్గో లారీ" అనొద్దు.