తిట్ల పెట్టెలో ఒట్లు

డేనిష్ మాటల పుట్టుక వెతకడం మొదలుపెట్టి ఇది ఆరో వారం. కార్డులు 31 అయ్యాయి. మాటకొక కార్డు. పైన ఉచ్చారణ, కింద దొరికినంతలో పాత అర్థం, వెనక చుట్టాల మాటలు. అన్నీ పెన్సిలుతోనే రాస్తున్నాను. అది ఎంత మంచిదో ఈ వారం తెలిసింది.

తిట్టు పదాన్ని డేనిష్‌లో ‘బన్నెఓర్’ అంటారు. ‘ఓర్’ అంటే మాట. రాతలో రెండు ముక్కల్లోనూ ‘డి’ అక్షరం ఉంది, నోట ఒక్కటీ పలకదు. మొదటి ముక్కను నిఘంటువులో చూస్తే ‘ముఠా’ అని కనిపించింది. ముఠాల భాష కాబోలని ముచ్చటపడి రాసేశాను. తీరా అది ఫ్రెంచి నుంచి వచ్చిన వేరే మాట, రాత మాత్రం ఒకటే. రబ్బరుతో చెరిపాను.

అసలు మూలం పాత నార్స్ (డేనిష్, నార్వే భాషల పూర్వ భాష) మాట ‘బన్న’: నిషేధించడం, శపించడం. ఇంగ్లీషు ‘బ్యాన్’ దీని చుట్టమే. నార్వేవాళ్లు ఇప్పటికీ ‘డి’ లేకుండానే రాస్తారు.

చిక్కంతా తర్వాతి కార్డులతో. ‘స్గు’ అనే చిన్న మాట డేన్ల నోట నిమిషానికోసారి వస్తుంది. విప్పితే ‘సో గుద్’. దేవుడు నాకు తోడుగా అని పూర్వం చేసిన ప్రమాణంలో మిగిలిన తునక. ‘క్రాఫ్టేడెమె’ విప్పితే ‘క్యాన్సర్ నన్ను తినిపోను’. ఎదుటివాడిని కాదు, నన్ను! అబద్ధమాడితే కళ్లు పోతాయని మనం ఒట్టు పెట్టుకోమా, అదే వరస. సంస్కృతంలోనూ శాపం, శపథం ఒకే ధాతువు బిడ్డలు కదా.

1918 నుంచి 1956 దాకా 28 సంపుటాలుగా వచ్చిన పెద్ద డేనిష్ నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త: అది 1948లో జరిగిన డేనిష్ రాత సంస్కరణకు ముందటి రాతలో ఉంటుంది. ఇప్పుడు సున్నా తగిలించిన ‘ఎ’ ఉన్నచోట అందులో రెండు ‘ఎ’లు ఉంటాయి. ఇది తెలియక ‘సో’ కోసం ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

‘తిట్లు’ అని రాసిన పెట్టె పక్కన ఇప్పుడు ‘ఒట్లు’ అని రెండోది పెట్టాను. ‘స్గు’, ‘క్రాఫ్టేడెమె’, సైతానును పిలిచి తనమీదికే తెచ్చుకునే ‘ఫాండెమె’ అందులోకి మారాయి. మశూచి పొక్కుల నుంచి వచ్చిన ‘పొకర్’ మాత్రం పాత పెట్టెలోనే ఉంది.