బాల్కనీలో బెంచి వైసు

బెంగళూరులో మా అద్దె ఇంటి బాల్కనీలో లోహపు పని చేసుకోవడానికి కావలసిన సామాను కూడగట్టడానికి నాకు దాదాపు రెండేళ్లు పట్టింది. అందులో మొదటి ఆరు నెలలు వృథా అయ్యాయనే చెప్పాలి. కోసే పనిముట్లన్నీ ముందు కొనేసి, కోసేదాన్ని కదలకుండా పట్టుకునే వైసును మాత్రం చివర్లో కొందామని వదిలేశాను. డ్రిల్లు, యాంగిల్ గ్రైండరు వచ్చాయి గాని, చిన్న ఇనుప పట్టీని హాక్సాతో కోయాలన్నా దాన్ని చెప్పు కింద తొక్కిపెట్టుకుని వంగవలసి వచ్చేది.

కొత్త వైసు ధర విని వెనక్కి తగ్గి, పాత సామాను అమ్మే ఒక దుకాణంలో 4 అంగుళాల పోత ఇనుప వైసును 1,400 రూపాయలకు తీసుకున్నాను. ఆకుపచ్చ రంగు నిగనిగలాడుతుంటే శుభ్రంగా బాగుచేసి అమ్ముతున్నారని మురిసిపోయానే తప్ప, పాత వైసుకు కొత్త రంగు ఎందుకు వేశారని ఆలోచించలేదు. రెండో వారం గట్టిగా బిగించేసరికి కదిలే దవడ మొదట్లో రంగు పెచ్చుగా ఊడింది. దాని కింద లప్పం, లప్పం కింద పగులు కనిపించాయి. తిరిగి తీసుకెళితే దుకాణదారు "చూసుకునే కదా సార్ కొన్నారు" అన్నాడు. అది నిజమే కాబట్టి వాదించలేకపోయాను.

మా పై అంతస్తులో హిందూపురం నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దాయన ఉన్నారు. ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన ఆ వైసును సుత్తితో మెల్లగా తట్టి, "కుండ కొనేటప్పుడు తట్టి చూడరా బాబూ, ఇదీ అంతే" అన్నారు. రెండోసారి వైసు కొనడానికి, పాత సామాను దుకాణాలుండే ఎస్.జె.పి. రోడ్డుకు ఆయనను వెంటబెట్టుకునే వెళ్లాను. రంగు లేని, తుప్పు పట్టిన వైసులనే ఆయన చేతిలోకి తీసుకున్నారు. మరను మొదటినుంచి చివరిదాకా తిప్పించి, దవడల రెండు చివర్లలో రెండు కాగితపు ముక్కలు పెట్టి బిగించి, రెండూ ఒకేలా బిగుసుకున్నదానినే ఎంచారు. దాన్ని మోచేతి ఎత్తుకు వచ్చేలా బల్లకు బిగించి, కింది ఇంటివారి నిద్ర కోసం బల్ల కాళ్లకు రబ్బరు ముక్కలు తొడిగాను.

లోహాన్ని రాకే ఆకురాళ్ల విషయంలోనూ ఆయన మాటే విన్నాను. కొత్త ఆకురాయిని ముందు ఇత్తడికి వాడి, పదును కాస్త తగ్గాక ఇనుముకు మార్చాలి. ఇనుముపై అరిగినది మళ్లీ ఇత్తడి మీద జారుతుంది. రాకే ముందు పళ్ల మీద సుద్ద రుద్దితే రజను అంతగా ఇరుక్కోదు. లోహాన్ని పెట్టి సుత్తితో కొట్టే దాగలికి బదులుగా రైలుపట్టా ముక్క దొరుకుతుందేమోనని వెతకబోతే మాత్రం ఆయన గట్టిగా వారించారు. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర ఉంచుకోవడం 1966 నాటి చట్టం ప్రకారం నేరం కాబట్టి, బిల్లు లేని ముక్క జోలికి పోవద్దన్నారు. ప్రస్తుతానికి ఒక మందపాటి ఇనుప దిమ్మతోనే సరిపెట్టుకుంటున్నాను.

లోహం మీద కొలతల గుర్తుగా గీతలు గీయడానికి ప్రత్యేకమైన రంగు కొనలేదు. నీళ్లలో కరిగించిన మైలుతుత్తాన్ని (కాపర్ సల్ఫేట్) మెరిసే ఉక్కు మీద పూస్తే పలుచని రాగి పొర ఏర్పడి, దాని మీద గీత తెల్లగా కనిపిస్తుంది.

ఐ.టి.ఐ. కుర్రవాళ్లకు ఇచ్చే పాఠంలాగే, ఒక ఉక్కు ముక్కను ఆరు వైపులా రాకి ఘనాకారంగా (క్యూబులా) చేయమని పెద్దాయన నాకు అప్పగించి నెల దాటింది. అయిదు ముఖాలు కుదిరాయి. ఆరోదానికి లంబకోణం సరిచూసే మూలమట్టం ఆనించి కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే, ఒక మూల దగ్గర ఇంకా సన్నని వెలుగు కనిపిస్తూనే ఉంది.