గుప్పెడు ఎరువుతో పోయిన ప్రొటియా

మాది గుంటూరు జిల్లా. మిరప చేల మధ్య పెరిగాను. ఆస్ట్రేలియాలో పెర్త్‌కి వచ్చి ఇల్లు కొనుక్కున్నాక పెరట్లో మూడు ఖండాల మొక్కలు పక్కపక్కన పెంచాలని ఆశ పుట్టింది. పెర్త్ 32 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర ఉంది. చిలీలోని శాంటియాగో 33, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ 34. మూడు చోట్లా వానలు చలికాలంలోనే, ఎండాకాలమంతా పొడే. అందుకే కేప్‌టౌన్ ఉన్న కేప్ ప్రాంతం నుంచి కింగ్ ప్రొటియా అనే పూలపొద, ఇక్కడి బాంక్సియా, చిలీ నుంచి సోప్‌బార్క్ చెట్టు ఎంచుకున్నాను.

ముందు ప్రొటియా నాటాను. ఫోన్లో నాన్న, "గుప్పెడు డీఏపీ వెయ్యరా, వేరు పట్టుకుంటుంది" అన్నారు. మా చేలో ఎప్పుడూ చేసిన పనే కదా అని ఆ ఫాస్ఫేట్ (భాస్వరం) ఎరువు వేశాను. కొన్ని వారాలకే ఆకులు పసుపు తిరిగి, అంచులు మాడిపోయాయి. నీళ్లు చాలడం లేదేమోనని ఇంకా పోశాను. మొక్క చచ్చిపోయింది. చాలా బాధేసింది.

కారణం తర్వాత తెలిసింది. ప్రొటియా, బాంక్సియా ఒకే కుటుంబం. సారం లేని ఇసుక నేలల్లో భాస్వరాన్ని రవ్వ రవ్వగా పీల్చుకోవడానికే వాటి వేళ్లు తయారయ్యాయి. ఎక్కువైతే చాలావాటికి వద్దనడం తెలియదు, అదే విషమవుతుంది. బాంక్సియాని కుండీలోంచి తీసినప్పుడు ఆ వేళ్లు చూశాను. సీసాలు కడిగే బ్రష్షులా, సన్నటి పిల్లవేళ్లు గుత్తులు గుత్తులుగా మట్టిని పట్టుకుని ఉన్నాయి. వాటిని కదిలించకుండా గుంటలో దించాను.

రెండోసారి ఎప్పుడూ ఎరువు పడని కంచె పక్క చోటు ఎంచుకున్నాను. మే నెలలో, మన తొలకరిలాంటి మొదటి వానలకు నాటాను. ఎరువు మాటే లేదు. మొదటి రెండు ఎండాకాలాలు మాత్రం క్రమం తప్పకుండా నీళ్లు పోశాను. మొదళ్లలో నీరు నిలవనివ్వలేదు, వేరుకుళ్లు భయం ఇక్కడ చాలా ఎక్కువ.

సోప్‌బార్క్ నెమ్మదిగా పెరుగుతోంది. కత్తిరించిన కొమ్మ బెరడు నీళ్లలో నలిపి, వీడియో కాల్‌లో అమ్మకి నురగ చూపించాను. "అచ్చం కుంకుడుకాయే!" అంది.

నాలుగో ఏడాది ప్రొటియా మొగ్గ విచ్చింది. అరచేతికన్నా పెద్ద పువ్వు, గులాబీ రంగు రేకులు, మధ్యలో తెల్లటి నూగు. కేప్‌లో దానికి షుగర్‌బర్డ్ పిట్టలొస్తాయి. మా పెరట్లో ఇక్కడి హనీఈటర్ వచ్చి ముక్కు దూర్చింది. నాన్నకి ఫోటో పంపాను. "ఎరువు వెయ్యలేదు కదా?" అని అడిగారు.