మీ చేలో పడిన వాన మీరే కొలవండి

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మి.మీ. పైచిలుకు మాత్రమే. అదీ అన్ని చేలల్లో ఒక్కలా పడదు. మండల కేంద్రంలో మంచి వాన నమోదైన రోజే, నాలుగు కిలోమీటర్ల అవతల దుమ్ము కూడా అణగకపోవచ్చు. అక్కడి లెక్క నమ్మి ఇక్కడ గొర్రు కడితే బుడ్డల (వేరుశనగ) విత్తనం మట్టిపాలే. ప్రతి చేను దగ్గరా వాన కొలిచే రెయిన్‌గేజ్ ఒకటి ఉండాలి. అది ఇంట్లోనే తయారవుతుంది.

కావలసినవి: 160 ఎం.ఎం. పీవీసీ పైపు 12 సెం.మీ. ముక్క, అందులో పట్టే గరాటు, 5 లీటర్ల నూనె క్యాను, సిలికాన్, మందుల షాపులో దొరికే 50 మి.లీ. సిరంజి. గరాటును పైపు అడుగున దించి చుట్టూ సిలికాన్ పట్టించాలి. పైన నిటారు గోడ లేకపోతే జోరువానలో చినుకు గరాటుకు తగిలి బయటికి చిమ్ముతుంది. గరాటు మూతిని క్యానులోకి బిగించి, క్యాను భుజం మీద గరాటు నీడలో 3 మి.మీ. బెజ్జం పెట్టాలి. లోపలి గాలి పోయే దారి లేకుంటే నీళ్లు దిగవు. ఆకులు అడ్డం పడకుండా జాలీ గరాటు అడుగున పెట్టాలి కానీ పైన కాదు.

అసలు జాగ్రత్త పైపు కొలతలో ఉంది. షాపువాళ్లు చెప్పే 160 బయటి కొలత. మనకు కావలసింది లోపలి వ్యాసం, అది పైపు మందాన్ని బట్టి మారుతుంది. స్కేలుతో రెండు దిక్కులా కొలిచి సగటు తీయండి. 15.2 సెం.మీ. వచ్చిందనుకుందాం. అప్పుడు పైపు గుండ్రటి మూతి వైశాల్యం 15.2 × 15.2 × 0.785 = 181 చదరపు సెం.మీ. దాన్ని పదితో భాగిస్తే 18.1. అంటే క్యానులో ప్రతి 18.1 మి.లీ. ఒక మిల్లీమీటరు వాన. పొద్దున సిరంజితో తోడితే 326 మి.లీ. వచ్చాయంటే 18 మి.మీ. పడినట్టు. బయటి కొలతతో లెక్కేస్తే అదే వాన 16 దగ్గర ఆగిపోతుంది.

ఇక గాలి. జూన్, జూలైలో మన దగ్గర వానకంటే గాలే ముందుంటుంది. మిద్దె మీద పెట్టిన గేజ్ అంచు దగ్గర గాలి పైకి లేచి చినుకుల్ని అవతలికి తోసేస్తుంది, లెక్క తక్కువ చూపిస్తుంది. అందుకే అంచు నేలకు 30 సెం.మీ. ఎత్తులో ఉండాలి. మన దేశంలో వాతావరణ కేంద్రాలు పాటించేదీ అదే. క్యానును గుంటలో సగం దించి, మూడు ఇనుప చువ్వలకు కట్టి, మేస్త్రీల రసమట్టంతో అంచు సరిచూడండి. 5 మీటర్ల వేపచెట్టుంటే కనీసం 10 మీటర్ల దూరం జరగాలి. బండ పక్కన మాత్రం వద్దు, అక్కడ చిట్లిన నీళ్లు లోపల పడి లెక్క పెరుగుతుంది.

కొలిచేది రోజూ ఉదయం 8:30కి. గడిచిన 24 గంటల వాన ఆ ఉదయం తేదీ కింద రాయాలి. సెప్టెంబరులో సాయంత్రం ఉరిమి కురిసే వానలన్నీ మర్నాటి తేదీలోకి వెళ్తాయి. ఇద్దరు రైతుల లెక్కలు కలవకపోతే ముందు చూడాల్సింది ఇదే. వాన లేని రోజు సున్నా రాయండి. ఖాళీ వదిలితే కొలవలేదో, పడలేదో తర్వాత తెలియదు.

వాన మొదలైన, ఆగిన వేళలు కూడా పక్కన రాసిపెట్టుకోండి. ఒక మిల్లీమీటరంటే ఎకరాకు సుమారు 4,047 లీటర్లు. కానీ అరగంటలో దంచిన 20 మి.మీ.లో చాలాభాగం వంకలోకి పోతుంది, రాత్రంతా ముసురు పట్టిన 20 మి.మీ. భూమిలోకి దిగుతుంది. అంకె చూశాక పారతో ఒక జాన తవ్వి, తడి ఎంతదాకా దిగిందో చూసి గానీ విత్తుకు దిగొద్దు.

వానతో పాటు ఉక్క, అంటే గాలిలో తేమ కొలవాలంటే రెండు థర్మామీటర్లు చాలు. ఒకదాని బుడ్డికి తడి నూలుగుడ్డ చుట్టి, రెండూ నీడలో, గాలి ఆడే చోట, నేలకు మీటరుంబావు ఎత్తులో వేలాడదీయాలి. బండల గోడకు ఆనిస్తే గోడ వేడే చూపిస్తుంది. పొడిది 36, తడిది 24 డిగ్రీలుంటే గాలిలో తేమ సుమారు 35 శాతం. బోరునీళ్లతో తడిపితే ఉప్పు పేరుకుని గుడ్డ గట్టిపడుతుంది, తడి సరిగ్గా పట్టదు. క్యానులో కొలిచిన వాననీళ్లు ఒక సీసాలో దాచుకుని దీనికి వాడండి.