సాలూరు బాణీ, విజయనగరం గొంతు

మాయాబజారు గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా ఎస్వీ రంగారావు ఘటోత్కచుడి దగ్గరో, సావిత్రి మాయా శశిరేఖ దగ్గరో, కెమెరామన్ మార్కస్ బార్ట్లే సృష్టించిన వెన్నెల దగ్గరో ఆగిపోతారు. నేను పాటల దగ్గర ఆగుతాను. తెరమీద సంగీత దర్శకుడిగా ఘంటసాల పేరు పడుతుంది. కానీ ‘లాహిరి లాహిరి’, ‘చూపులు కలసిన శుభవేళ’, ‘నీవేనా నను తలచినది’, ‘నీ కోసమె నే జీవించునది’ పాటలకు బాణీలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు. ఆ నాలుగూ కట్టి ఆయన తప్పుకుంటే, మిగిలిన సంగీతమంతా ఘంటసాల పూర్తి చేశారు. వినేటప్పుడు ఎక్కడా అతుకు కనిపించదు. అతుకు కనిపించకపోవడానికి కారణం ఉందని నేను నమ్ముతాను.

రాజేశ్వరరావు పుట్టింది మా సాలూరు దగ్గరి శివరామపురంలో. ఘంటసాల పుట్టింది కృష్ణా జిల్లాలోనే అయినా సంగీతం నేర్చుకున్నది విజయనగరంలో. ఇంటింటికీ తిరిగి మధుకరం ఎత్తుకుని తింటూ, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర, మహారాజా వారి సంగీత కళాశాలలో చదువుకున్నారు. ఇక అదే సినిమాలో ‘అహ నా పెళ్ళియంట’ పాడిన పి. సుశీల మా విజయనగరం ఆడపడుచు, అదే కళాశాల విద్యార్థిని. ఆ పాటలో శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు తనను తాను మరిచిపోయిన ప్రతిసారీ ఘంటసాల గొంతు బయటికి వస్తుంది, వెంటనే సుశీల గొంతు దాన్ని కప్పేస్తుంది. కథ ద్వారకలో జరిగినా, షూటింగు మద్రాసులో జరిగినా, 1957లో వచ్చిన మాయాబజారు నా లెక్కలో విజయనగరం జిల్లా సినిమా. ఎవరు కాదన్నా వాదిస్తాను.

ఈ వాదన నాకు నాన్న దగ్గర నుంచి వచ్చింది. గంటస్తంభం దగ్గర ఆయనకు చిన్న క్యాసెట్ రికార్డింగు షాపు ఉండేది. ఎల్పీ రికార్డుల నుంచి పాటలు ఎక్కించి ఇచ్చేవారు. నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికులు, గజపతినగరం మాస్టార్లు, బొబ్బిలి నుంచి పెళ్లిళ్లకు మైకు సెట్లు కట్టేవాళ్లు తెల్లకాగితం మీద పాటల పట్టిక రాసి తెచ్చేవారు. అరవై నిమిషాల క్యాసెట్ అయితే ఒక వైపు అరగంట. ఏ పాట ఎన్ని నిమిషాలో నాన్నకు నోటికి వచ్చు. చివరి పాట సగంలో తెగిపోకుండా వరుస మార్చి సర్దేవారు. ఆ సర్దుబాటులో ఆయన ఇష్టం కూడా కలిసేది. పట్టికలో లేకపోయినా, చివర నాలుగు నిమిషాలు మిగిలితే రాజేశ్వరరావు పాట ఒకటి చేర్చి ఇచ్చేవారు. డబ్బు తీసుకునేవారు కాదు. క్యాసెట్ పెట్టెలోని అట్టమీద పాటల పేర్లు రాయడం నా పని. సినిమా పేరు, పాట పల్లవి, పాడినవాళ్ల పేర్లతో పాటు సంగీత దర్శకుడి పేరు కూడా రాయాలన్నది ఇంట్లో నియమం. బడి పాఠాలకన్నా ముందు నాకు కంఠతా వచ్చినవి ఆ పేర్లే.

రాజేశ్వరరావు గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. తెలుగు సినిమా పాటలో ఆయనకన్నా పెద్ద స్వరకర్త లేడు. 1948లో వచ్చిన ‘చంద్రలేఖ’లో డప్పుల నృత్యానికి అంత పెద్ద మోత మోగించిన ఆయనే, మూడేళ్లకు ‘మల్లీశ్వరి’లో భానుమతి చేత ‘మనసున మల్లెల’ పాడించినప్పుడు వాద్యాలను దాదాపు ఊపిరి బిగబట్టి కూర్చోబెట్టారు. ఏం చేయగలరో చూపించడంలో ఆయనకు ఆసక్తి లేదు. ఆ సన్నివేశానికి ఎంత కావాలో అంతే. ‘మిస్సమ్మ’ పాటలు వినండి. ‘రావోయి చందమామ’ మొగుడూ పెళ్లాల తగవు. అసలు మొగుడూ పెళ్లాలు కాని వాళ్ల తగవు. ఆ చిరాకూ, ఆ చిరాకు కింద మొదలవుతున్న ఇష్టమూ రెండూ బాణీలోనే ఉన్నాయి. మాటలు తీసేసి వట్టి కూనిరాగంగా పాడినా తెలుస్తుంది. చిన్నతనంలోనే ‘శ్రీకృష్ణలీలలు’ సినిమాలో కృష్ణుడిగా నటిస్తూ పాడినవాడు కదా, తెరమీద పాత్ర ఎలా ఊపిరి తీసుకుంటుందో ఆయనకు తెలుసు.

సుశీల విషయంలో నాతో ఏకీభవించేవాళ్లు చాలామందే ఉన్నా, కారణాల దగ్గర విడిపోతాం. అందరూ ఆమె గొంతు తీపి అంటారు. నేను ఆమె అక్షరాన్ని ప్రేమిస్తాను. ‘డాక్టర్ చక్రవర్తి’లో ‘పాడమని నన్నడగవలెనా’ వినండి. ఆ బాణీ రాజేశ్వరరావుదే. ప్రతి హల్లూ పలికిన చోటే నిలబడుతుంది, ప్రతి దీర్ఘమూ ఉండవలసినంతే ఉంటుంది. దుఃఖం కోసం గొంతు వణికించరు, సంతోషం కోసం నవ్వు కలపరు. అయినా ఆ పాటలో ఆ మనిషి ఎంత సంకోచిస్తోందో, ఎంత పొంగిపోతోందో మనకు తెలిసిపోతుంది. నేపథ్య గాయనికి జాతీయ అవార్డు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు మొట్టమొదట అందుకున్నది ఆమె, అదీ ఒక తమిళ సినిమాకు. 2016లో 17,695 పాటలతో గిన్నిస్ పుస్తకంలో పేరు ఎక్కింది. ఆ అంకె విన్నప్పుడు సంతోషపడ్డాను కానీ, ఆ ఒక్క పాట చాలు నాకు.

ఇక్కడ జి. ఆనంద్ గురించి రాయకపోతే నాన్న ఊరుకోరు. ‘అమెరికా అమ్మాయి’లో ‘ఒక వేణువు వినిపించెను’ పాడినది ఆయన. శ్రీకాకుళం జిల్లా మనిషి. షాపుకు వచ్చి “ఆ బాలూ పాట, వేణువు పాట ఎక్కించండి” అని అడగనివాళ్లు అరుదు. నాన్న చేస్తున్న పని ఆపి, “అది బాలు కాదు బాబూ, ఆనంద్. మన శ్రీకాకుళం ఆయన” అని చెప్పి గాని డబ్బు తీసుకునేవారు కాదు. కొందరు నమ్మేవారు కాదు. రికార్డు అట్ట తెచ్చి చూపించేవారు. ఆ పాటలో ఒక కుర్రతనం ఉంది. ఇంకా పూర్తిగా ఆరని తడి ఉంది. బాలు ఎంతో గొప్పగా పాడగలరు, కానీ ఆ పాటను అలా పాడేవారు కాదని నా నమ్మకం. ‘కల్పన’లో ‘దిక్కులు చూడకు రామయ్యా’ కూడా ఆయనదే. ఇంత మంచి గొంతుకు ఇంత తక్కువ సినిమా పాటలు రావడం నాకు ఇప్పటికీ బాధే. 2021లో కరోనా ఆయనను తీసుకుపోయిన రోజు మా ఇంట్లో ఆ క్యాసెట్ కోసం వెతికి, దొరికాక రెండు వైపులా విన్నాం.

ఆమదాలవలస శరత్‌బాబు గురించి ఒక్క మాట. ‘సాగర సంగమం’లో కమల్ హాసన్ నాట్యం గురించి అందరూ మాట్లాడతారు. ఆ నాట్యాన్ని చూస్తూ నిలబడిన స్నేహితుడి ముఖం చూడండి.

ఇంతవరకూ పాట గురించి చెప్పాను. మాట దగ్గరికి వస్తే నాకు కోపం వస్తుంది.

మా ప్రాంతం గొంతు పాడితే తెలుగు సినిమా నెత్తిన పెట్టుకుంది. అదే గొంతు మాట్లాడితే నవ్వింది. నా చిన్నప్పటి నుంచి ఎన్నో సినిమాలలో మా యాస వినిపించేది పనిమనిషి నోట, కాపలావాడి నోట, ఊరి నుంచి వచ్చి పట్నంలో తికమకపడే అమాయకుడి నోట. హాలు గొల్లున నవ్వేది. మా హాలులో మేమూ నవ్వేవాళ్లం, మా పక్కింటివాళ్లలాగే మాట్లాడుతున్నారని. హైదరాబాదులో చదువుకోవడానికి వెళ్లాక, అక్కడి హాలులో అదే నవ్వు విన్నప్పుడు అది వేరే నవ్వని తెలిసింది. డాక్టరు, కలెక్టరు, ప్రేమించే కథానాయకుడు ఆ యాసలో మాట్లాడిన సినిమా అప్పట్లో నాకు ఒక్కటీ గుర్తులేదు.

విచిత్రం ఏమిటంటే, మనుషులు మాట్లాడుకునే తెలుగుతో పెద్ద నాటకం రాయవచ్చని నిరూపించింది మా విజయనగరమే. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో ఇక్కడే మొదటిసారి ప్రదర్శించారు. గిరీశం మొదటి మాట పలికేది బొంకుల దిబ్బ మీద. కోట ముందున్న ఆ చోటును ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తాం. 1955లో పి. పుల్లయ్య దాన్ని సినిమాగా తీశారు. సావిత్రి మధురవాణి అద్భుతం. ఆ తెలివి, ఆ జాలి, ఆ ఎత్తిపొడుపు మరెవరికీ సాధ్యం కాదు. మంచి ఊపులో ఉన్న ఎన్టీ రామారావు గిరీశం లాంటి మోసగాడి వేషం ఒప్పుకోవడం కూడా నాకు గౌరవం కలిగించే విషయం. కానీ ఆ సినిమాలో నాకు విజయనగరం వినిపించదు. వీధి ఉంది, పంచె కట్టు ఉంది, మాటల విరుపు లేదు.

ఆ విరుపు కావాలంటే జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి అన్నదమ్ముల నాటకం చూడవలసిందని నాన్న అనేవారు. రమణమూర్తి గిరీశాన్ని ఆయన కళ్లారా చూశారు. గిరీశం అబద్ధం చెబుతున్నప్పుడు అది అబద్ధమని తెలిసి కూడా నమ్మాలనిపించేదట. నేను ఆ నాటకం చూడలేదు. సోమయాజులుగారిని సినిమాలోనే చూశాను. డిప్యూటీ కలెక్టరుగా ఉద్యోగం చేస్తూ, 1980లో వచ్చిన ‘శంకరాభరణం’తో దేశమంతటికీ తెలిసిన మనిషి. అయితే నా ఓటు ఆ సినిమాకు కాదు, ‘సప్తపది’కి. శంకరశాస్త్రి మొదటి నుంచి గొప్పవాడే. మనం దండం పెట్టడానికి సిద్ధంగానే కూర్చుంటాం. ‘సప్తపది’లో యాజులు అలా కాదు. ఆచారంలో నిండా మునిగిన ముసలాయన, మనవరాలి మనసు హరిజన యువకుడి దగ్గర ఉందని తెలుసుకుని, తన లోపలి గోడను తానే కూల్చుకోవాలి. సోమయాజులుగారు ఆ కూలడాన్ని కేకలతో చేయలేదు. భుజాలు కొద్దిగా వంగుతాయి, చూపు కొద్దిగా కిందికి దిగుతుంది, మాటకు మాటకు మధ్య ఖాళీ పెరుగుతుంది. నాటకంలో చివరి వరుసకు వినిపించేలా మాట్లాడి అలవాటైన మనిషి కెమెరా ముందు అంత తగ్గడం ఎక్కడ నేర్చుకున్నారా అని ప్రతిసారీ ఆశ్చర్యపోతాను.

మాట విషయంలో నాకు మొదటిసారి కడుపు నిండింది 2020లో, ‘పలాస 1978’ చూసినప్పుడు. జీడిపప్పు ఊరు, అన్నదమ్ములు, వాళ్ల కులం వాళ్లను ఎక్కడ నిలబెడుతుందో చెప్పే కథ. కథలో హింస నాకు కాస్త ఎక్కువే అనిపించింది, రెండో సగం బిగువు తగ్గింది. అయినా ఆ సినిమాను నేను వదులుకోను. అందులో కోపం మా యాసలో ఉంది, అవమానం మా యాసలో ఉంది, పాట మా యాసలో ఉంది. ఎవరూ నవ్వించడానికి అలా మాట్లాడలేదు.

2025లో ‘తండేల్’ వచ్చినప్పుడు రణస్థలం నుంచి పిన్నిని తీసుకువెళ్లి చూపించాను. చేపల వేటకు గుజరాత్ వెళ్లి, 2018లో పాకిస్తాన్‌కు చిక్కిన మా తీరం మత్స్యకారుల కథ ఆధారంగా తీశారు కాబట్టి ఆమెకు అది వార్త కాదు, తెలిసినవాళ్ల గోడు. నాగచైతన్య యాస కష్టపడి పట్టుకున్నట్టు అక్కడక్కడా తెలిసిపోతుంది. జైలు భాగం నాకు పెద్దగా పట్టలేదు. వెనక ఉండిపోయిన ఆడవాళ్లకు సినిమా ఇంకో అరగంట ఇచ్చి ఉంటే ఎంతో బాగుండేది. కానీ సాయిపల్లవి ఆ యాసలోనే అలుగుతుంది, ఆ యాసలోనే ప్రేమిస్తుంది. పక్క సీట్లలో ఎవరూ నవ్వలేదు.

బయటికి వచ్చాక పిన్ని ఆ అమ్మాయిది ఏ ఊరని అడిగింది. మన వైపు కాదు, తమిళనాడు అని చెప్పాను. నమ్మలేదు. మా తీరంలోని మత్స్యలేశం పిల్లే అయి ఉంటుందని బస్సు ఎక్కేదాకా వాదిస్తూనే ఉంది.