తేజస్ ఎవరు కొంటారు? మామిడి గుజ్జు ఎగుమతి చేసేవాడి లెక్కలు

మా అక్క కొడుకు తిరుపతిలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడికి యుద్ధవిమానాల పిచ్చి. అంటించింది నేనే కాబట్టి వాడు పంపే ఫార్వర్డులన్నీ చదవక తప్పదు. మొన్నొకటి పంపాడు: "మామా, మన తేజస్ కోసం ఏడు దేశాలు క్యూ కట్టినాయంట!" చూస్తే అది 2022 నాటి వార్త. ఆ ఏడాది ఆగస్టులో కేంద్రం పార్లమెంటుకు ఒక జవాబిచ్చింది. మలేషియాకు 18 తేజస్‌లు ఇస్తామన్నాం, అర్జెంటీనా, ఆస్ట్రేలియా, ఈజిప్ట్, అమెరికా, ఇండొనేషియా, ఫిలిప్పీన్స్ కూడా ఆసక్తి చూపాయి అని. "క్యూ కట్టినోళ్లు సరేరా, డబ్బు కట్టినోళ్లెవరు?" అని రాశాను. కోపం ఎమోజీ ఒకటి వచ్చింది, అంతే.

వాడి ఉత్సాహం మీద నీళ్లు చల్లాలని కాదు. నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎక్స్‌పోర్ట్ పేపర్లు చూసే పనిలో ఉన్నాను. ఆసక్తి చూపించే మెయిళ్లు సీజన్లో రోజూ వస్తాయి. రేటు చెప్పండి, శాంపిల్ పంపండి, బ్రిక్స్ (తీపి శాతం) ఎంత, రంగు ఎలా ఉంది అని అడుగుతారు. శాంపిల్ కొరియర్ ఖర్చు మనదే. ఆ తర్వాత చాలామంది కనపడరు. బ్యాంకులో ఎల్‌సీ, అంటే సరుకు డబ్బుకు బ్యాంకు పూచీ పత్రం, తెరిచినవాడే కొనుగోలుదారు, మిగతావాళ్లంతా బాటసారులు. విమానాల వ్యాపారంలో బాటసారులు ఇంకా ఎక్కువ. అడిగి వదిలేస్తే పోయేదేమీ లేదు, పైగా పక్క కంపెనీతో బేరమాడటానికి ఒక కాగితం దొరుకుతుంది.

ఆ జాబితాలోని దేశాలు తర్వాత ఏం చేశాయో చూడండి. మలేషియా 2023లో దక్షిణ కొరియా వాళ్ల తేలికపాటి యుద్ధవిమానం ఎఫ్‌ఏ-50 ఎంచుకుంది, 18 విమానాలు, సుమారు 92 కోట్ల డాలర్లు. ఇండొనేషియా రఫేల్ వైపు వెళ్లింది. అర్జెంటీనా 2024లో డెన్మార్క్ వాడి వదిలేసిన ఎఫ్-16లు 24 కొనుక్కుంది, దాదాపు 30 కోట్ల డాలర్లకు. ఫిలిప్పీన్స్ 2025 జూన్‌లో మళ్లీ ఎఫ్‌ఏ-50లే ఇంకో 12 ఆర్డర్ పెట్టింది, 70 కోట్ల డాలర్లకు.

ఇప్పుడు ధర సంగతి. "మనది చవక, అందుకే అందరూ కొంటారు" అనే మాట వినీ వినీ విసుగొచ్చింది. ఫిలిప్పీన్స్ 2014లో మొదటిసారి 12 ఎఫ్‌ఏ-50లు కొన్నప్పుడు మొత్తం 42 కోట్ల డాలర్లు, అంటే ఒక్కోటి మూడున్నర కోట్ల డాలర్లు. పదకొండేళ్ల తర్వాత అదే దేశానికి అదే రకం ఒక్కోటి 5.8 కోట్ల డాలర్లు పడింది. చవక అన్నది కూడా ఏటా పెరుగుతూనే ఉంటుంది. మన దగ్గరికి వస్తే, 2025 సెప్టెంబరులో వాయుసేన 97 తేజస్ మార్క్-1ఎ (తేజస్‌లో మెరుగుపరిచిన రకం) విమానాలకు 62,370 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. పన్నులు కాకుండా, అనుబంధ సామగ్రితో కలిపి. విమానానికి సుమారు 643 కోట్లు, డాలర్లలో 7 కోట్ల పైమాటే. ఒప్పందంలో ఏమేం కలిపారన్నది దేశానికో రకంగా ఉంటుంది కాబట్టి ఈ అంకెలను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పకూడదు. కానీ రఫేల్‌తో పోలిస్తే చవకేమో గానీ, కొరియా విమానంతో పోలిస్తే మనది చవక అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేం. సెకండ్ హ్యాండ్ ఎఫ్-16తో అయితే పోటీయే లేదు.

అసలు చవకదనంతోనే సరుకు కదిలే పనైతే మా జిల్లాలో 2025లో తోతాపురి రైతులు కాయలు నింపిన ట్రాక్టర్లతో ఫ్యాక్టరీ గేట్ల ముందు రోజుల తరబడి ఎందుకు పడిగాపులు కాస్తారు? కిలోకి ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 అని రేటు కడితే గానీ కాయ కదల్లేదు. అంతకుముందు అంతకంటే తక్కువకిస్తామన్నా తీసుకునేవాడు లేడు.

విమానాల్లోనూ ఇలాంటి కథలున్నాయి. అమెరికాలో టెక్స్‌ట్రాన్ కంపెనీ సొంత డబ్బుతో స్కార్పియన్ అని తక్కువ ఖర్చు జెట్ తయారుచేసింది, 2013 డిసెంబరులో ఎగిరింది. ఒక్క ఆర్డరూ రాలేదు. దానికంటే బాధాకరమైనది నార్త్రాప్ వాళ్ల ఎఫ్-20. ఎఫ్-5 అమ్మి రెండు డజన్ల పైచిలుకు దేశాల్లో పేరు తెచ్చుకున్న కంపెనీ అది. దాని తర్వాతి తరంగా 1982లో ఎఫ్-20 ఎగిరించింది, వంద కోట్ల డాలర్లకు పైగా సొంత సొమ్ము పోసింది. మంచి విమానం అనే అందరూ అన్నారు. మూడే తయారయ్యాయి, 1986లో కథ ముగిసింది. ఎందుకంటే అమెరికా వాయుసేన దాన్ని కొనలేదు. సొంత దేశం వాడనిది మేమెందుకు వాడాలి అని బయటివాళ్లు అనుకున్నారు. పైగా అదే సమయానికి ఎఫ్-16 కూడా అమ్మకానికి దొరుకుతోంది.

ఈ లెక్కన తేజస్‌కి ఉన్న అసలు బలం ధర కాదు, మన వాయుసేన ఆర్డర్లు. మొదటి 40, 2021లో 83, తర్వాత 97, మొత్తం 220. ఇన్ని విమానాలు ముప్ఫై ఏళ్లు ఎగురుతాయంటే విడిభాగాల లైన్ ముప్ఫై ఏళ్లు నడుస్తుందని కొనేవాడికి నమ్మకం. ఇంతకంటే మంచి గ్యారెంటీ కార్డు లేదు.

మళ్లీ ఆ బలమే అడ్డం కూడా. మిగ్-21లు 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో రిటైరయ్యాక మన యుద్ధవిమాన దళాలు, అంటే స్క్వాడ్రన్లు, 29కి దిగాయి, ఉండాల్సినవి 42. మార్క్-1ఎలు 180 తయారవ్వాలి. బెంగళూరు, నాసిక్ లైన్లన్నీ కలిపి ఏడాదికి 24 అనేది లక్ష్యం. ఆ వేగం అందుకున్నా 180 పూర్తవడానికి ఏడున్నరేళ్లు. ఆ వేగం ఇంకా అందుకోలేదు. మొదటి మార్క్-1ఎ 2024 మార్చికి ఇవ్వాల్సింది, 2025 నవంబరులో దుబాయ్ ఎయిర్‌షో జరిగేనాటికి కూడా వాయుసేన చేతికి రాలేదు. ఇప్పుడు ఎవరైనా వచ్చి "పన్నెండు కావాలి, ఎప్పుడిస్తారు?" అంటే మన దగ్గర చెప్పడానికి తేదీ ఏదీ?

కొరియా వాళ్లు ఇక్కడే గెలిచారు. పోలండ్ 2022 సెప్టెంబరులో 48 ఎఫ్‌ఏ-50లకు సంతకం పెట్టింది. మొదటి 12 విమానాలు 2023 డిసెంబరుకల్లా పోలండ్‌లో ఉన్నాయి. పక్కన ఉక్రెయిన్‌లో యుద్ధం జరుగుతున్న దేశానికి ఆ తేదీ విలువ ఎంతో వేరే చెప్పాలా. మిగతా 36 పోలండ్ కోరిన మార్పులతో రావాల్సినవి, అవి ఆలస్యమవుతున్నాయి, గొణుగుడు వినబడుతూనే ఉంది. అయినా మొదటి పన్నెండు చెప్పిన టైముకి దించేశారు.

మరి మన ఆలస్యం ఎక్కడ? ఇంజిన్ దగ్గర. అమెరికా వాళ్ల జీఈ కంపెనీ ఎఫ్404 ఇంజిన్లు 99 కావాలని 2021లో ఆర్డర్ పెడితే మొదటిది 2025 మార్చిలో వచ్చింది. తేజస్ తయారుచేసేది ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్. మా అక్క కొడుకు "హెచ్‌ఏఎల్ సోమరితనం మామా" అంటాడు. కొంత ఉండొచ్చు, సాఫ్ట్‌వేర్, ఆయుధాల పరీక్షలు కూడా బాకీ పడ్డాయి. కానీ ఇంజిన్ లేని బాడీకి ఎవడేం చేస్తాడు. ఈ రోగం ఈనాటిది కాదు. కుర్ట్ టాంక్ అనే జర్మన్ ఇంజనీరు మన హెచ్‌ఏఎల్‌లో కూర్చుని గీసిన మరుత్ యుద్ధవిమానం 1961లో ఎగిరింది. రూపం అద్భుతం, దానికి తగిన ఇంజిన్ మాత్రం జన్మలో దొరకలేదు. ఈజిప్టు తయారుచేస్తున్న ఇంజిన్ పనికొస్తుందేమోనని ఒక మరుత్‌ను అక్కడికి కూడా పంపారు. 147 దగ్గర ఆగిపోయింది. తేజస్ కోసం మొదలుపెట్టిన కావేరీ ఇంజిన్‌ను 2008లో ఆ విమానం నుంచి విడదీశారు.

ఇంజిన్ వేరేవాడిది అయితే అమ్మకం కూడా వాడి దయే. ఇది కొనేవాడి వైపు నుంచి మనకు బాగా తెలుసు. 1970లలో స్వీడన్ తన విగ్గెన్ యుద్ధవిమానం మనకు అమ్మజూపితే, అందులోని ఇంజిన్ అమెరికా డిజైన్ మీద ఆధారపడింది కాబట్టి కుదరదని వాషింగ్టన్ అడ్డుపడింది. మనం జాగ్వార్ కొనుక్కున్నాం. అర్జెంటీనాకు ఎఫ్‌ఏ-50 అమ్మాలని కొరియా చూస్తే, విమానంలో బ్రిటన్ భాగాలున్నాయని బ్రిటన్ 2020లో వీటో చేసింది. ఫాక్లాండ్స్ దీవుల కోసం ఆ రెండు దేశాలు చేసిన యుద్ధం నాటి పగ. తేజస్‌లో కూడా పైలట్ కూర్చునే సీటు బ్రిటన్ మార్టిన్-బేకర్ వాళ్లదే. అంటే మన సేల్స్ పుస్తకంలో కొన్ని దేశాల పేజీలు లండన్‌లో, వాషింగ్టన్‌లో ముందే చింపేసి ఉన్నాయన్నమాట. పాకిస్థాన్, చైనా కలిసి చేసే జేఎఫ్-17కి రష్యా ఇంజిన్, ఆ పేజీలు అక్కడ దొరుకుతాయి. మయన్మార్, నైజీరియా, అజర్‌బైజాన్ కొన్నాయి. ఆ విమానం గురించి మనవాళ్లు వెటకారం చేస్తారు గానీ, విదేశీ రన్‌వే మీద అది ఉంది, మనది లేదు.

దుబాయ్ ప్రమాదం గురించి రాయకుండా ఉండలేను. 2025 నవంబరు 21న ప్రదర్శనలో తేజస్ కూలి వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్ చనిపోయారు. ఆ వీడియో నేను రెండోసారి చూడలేదు. మరుసటి రోజు నుంచే "ఇక ఎగుమతి అయిపోయినట్టే" అని రాతలు. నాకు అలా అనిపించలేదు. స్వీడన్ గ్రిపెన్ 1989లో ఒకటి కూలింది, 1993లో స్టాక్‌హోమ్ నడిబొడ్డున జనం చూస్తుండగానే ఇంకోటి కూలింది. తర్వాత అదే గ్రిపెన్‌ను హంగరీ, చెక్, దక్షిణాఫ్రికా, థాయ్‌లాండ్, బ్రెజిల్ తీసుకున్నాయి. స్వీడన్ వాయుసేన వెనక్కి తగ్గలేదు కాబట్టి. ఎఫ్-20లు కూడా రెండు ప్రదర్శనల పనిలోనే కూలాయి, కానీ దాన్ని నిలబెట్టడానికి వెనక సొంత వాయుసేన లేదు. కారణం తేల్చి, దాచకుండా చెప్పి, సరిదిద్దితే కొనేవాడు వింటాడు. మా దగ్గర కంటైనర్‌లో ఒక బ్యాగు ఉబ్బితే ఏ బ్యాచ్, ఏ రోజు, ఎందుకు అని రెండు పేజీలు రాసి పంపుతాం. రాయని సప్లయర్‌కి మరుసటి ఏడాది మెయిల్ రాదు.

రాయకపోతే, చూసుకోకపోతే ఏమవుతుందో ఈక్వెడార్‌లో చూశాం. 2009 నుంచి మన ధ్రువ్ హెలికాప్టర్లు ఏడు తీసుకున్నారు. 2015కల్లా నాలుగు కూలాయి. వాళ్లు ఒప్పందమే రద్దు చేసుకున్నారు. తప్పు పైలట్‌దా, మెషీన్‌దా అని ఇరుపక్షాలూ వాదించుకున్నాయి, విడిభాగాలు టైముకి రాలేదన్న ఫిర్యాదు మాత్రం అందరి చెవినా పడింది. లాటిన్ అమెరికాలో మనకు అదే మొదటి పెద్ద షోరూమ్.

నన్నడిగితే ముందు ట్రైనర్లు అమ్మాలి. యుద్ధవిమానం కొనాలంటే పక్క దేశం ఏమనుకుంటుందో, పెద్ద దేశం ఏమంటుందో అన్నీ చూసుకోవాలి. శిక్షణ విమానం ప్రతి వాయుసేనకీ తప్పనిసరి, దాన్ని చూసి ఎవరూ ఉలిక్కిపడరు. చెక్ వాళ్ల ఎల్-39లు 2,900 దాకా తయారయ్యాయి. బ్రిటన్ హాక్‌లు వెయ్యి దాటాయి, మన బీదర్‌లో ఎగిరేవి అవే. కొరియా వాళ్లు చేసింది కూడా ఇదే: టీ-50 అనే ట్రైనర్‌తో మొదలుపెట్టి, దానికే రాడార్, ఆయుధాలు తగిలించి ఎఫ్‌ఏ-50 అన్నారు. ఫిలిప్పీన్స్ దగ్గర 2005లో ఎఫ్-5లు పోయాక పదేళ్లు జెట్ ఫైటరే లేదు. 2015 చివర ఎఫ్‌ఏ-50 వచ్చింది, 2017లో ఆ దేశంలోని మరావీ నగరంలో తీవ్రవాదులతో జరిగిన యుద్ధంలో బాంబులేసింది, 2025లో ఫిలిప్పీన్స్ రెండో ఆర్డర్ ఇచ్చింది. మా వ్యాపారంలో మొదటి ఆర్డర్‌ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, రెండోదే ఆర్డర్.

మన దగ్గర ట్రైనర్ల సరంజామా లేకపోలేదు. బెంగళూరు యలహంకలో జరిగే విమాన ప్రదర్శన ఏరో ఇండియాలో 2023లో హెచ్‌ఎల్‌ఎఫ్‌టీ-42 అనే అడ్వాన్స్‌డ్ ట్రైనర్ నమూనా పెట్టారు, తోక మీద ఆంజనేయస్వామి బొమ్మతో. పబ్లిక్‌కి టికెట్లిచ్చే రోజున నేను యలహంక చేరేసరికి స్వామిని తీసేశారు, ఉత్త తోక మిగిలింది. విమానం ఇప్పటికీ నమూనాయే. అందుకే నా చూపు హెచ్‌టీటీ-40 మీద ఉంది. జెట్ కాదు, ముందు ఫ్యాన్ తిరిగే బేసిక్ ట్రైనర్. కానీ 2016లో ఎగిరింది, 2023లో మన వాయుసేన 6,828 కోట్లకు 70 ఆర్డర్ ఇచ్చింది. ఇంజిన్ హనీవెల్‌ది, అంటే అక్కడా అమెరికాయే. అయినా శిక్షణ విమానం కాబట్టి అడ్డుపుల్ల వేసే అవకాశం తక్కువ. ఆఫ్రికాలో, ఆగ్నేయాసియాలో చిన్న వాయుసేనలకు పదీ పన్నెండు ఇచ్చి, మెకానిక్‌లకు మనమే నేర్పి, విడిభాగాలు అక్కడే గోడౌన్‌లో పెట్టి, ఐదేళ్లు మాట నిలబెట్టుకుంటే ఆ తర్వాత రెండు సీట్ల తేజస్ గురించి మాట్లాడొచ్చు.

మలేషియా ఆర్డర్ పోయిన కొన్ని నెలలకు, 2023 జూలైలో, హెచ్‌ఏఎల్ కౌలాలంపూర్‌లో ఆఫీసు తెరిచింది. రాజ్‌నాథ్ సింగ్ వెళ్లి ప్రారంభించారు. పెళ్లయ్యాక బాజాలా అని మా వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. మలేషియా దగ్గర 18 సుఖోయ్-30లున్నాయి, మన దగ్గర ఆ కుటుంబానివే రెండు వందల పైన ఉన్నాయి, వాటిని విప్పి బిగించడం నాసిక్‌లో మనవాళ్లకు కొట్టిన పిండి. వాళ్ల సుఖోయ్‌లకు కావాల్సిన సామాను మనం టైముకి అందిస్తే, తర్వాతి టెండర్‌లో మన కాగితం ఏ వరసలో ఉంటుందో చూడాలి.