యూ-విన్ ఖర్చు లెక్క కట్టిన నా అనుభవం

పిల్లల టీకాల రికార్డు కంప్యూటర్లో ఎక్కించడానికి అయ్యే ఖర్చుకి తగ్గ ఫలితం ఉందా? ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) ప్రాజెక్టుకి నేను పట్టుకున్న ప్రశ్న ఇది. కోవిడ్ టీకాలకి వాడిన కో-విన్ తరహాలో, ఈ రికార్డు కోసం తయారైన ఆన్‌లైన్ వ్యవస్థ యూ-విన్. దాన్ని 2023 జనవరిలో 65 జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు.

ఖర్చు అనగానే అందరూ ట్యాబులు, నెట్ బిల్లు, శిక్షణ చూపిస్తారు. అవి రసీదుల్లో ఉంటాయి, తొందరగానే తేలిపోయాయి. ఏ రసీదులోనూ లేనిది టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం సమయం. అందుకే బుధ, శనివారాల్లో టీకాలు వేసేచోట వాచీ చూసుకుంటూ పక్కనే కూర్చున్నాను. సూది వెయ్యాలి, మళ్లీ ఎప్పుడు రావాలో తల్లికి చెప్పాలి, తల్లి దగ్గరుండే ఎంసీపీ కార్డులో (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) రాయాలి, ఆర్‌సీహెచ్ రిజిస్టర్లో (తల్లీబిడ్డల వివరాల కాయితం పుస్తకం) రాయాలి, ఆపైన యూ-విన్. సిగ్నల్ అందని ఊళ్లో ఆ చివరి పని రాత్రి ఇంటికెళ్లాకే. "కాయితం మానెయ్యమంటే రేపే మానేస్తానమ్మా, పైవాళ్లు రిజిస్టరే అడుగుతారు" అంది ఆ ఏఎన్‌ఎం. జీతం ఎలాగూ ఇస్తున్నారుగా, ఆ గంటలకి వెల ఎందుకన్నారు మా గైడ్. ఆ అలసటతో మర్నాడు తగ్గేది బాలింతల ఇళ్లకి వెళ్లడమేనని చెప్పి, కలిపే తీరాను.

ఫలితం వైపు అసలు విషయం పుట్టింటి కాన్పుల దగ్గర దొరికింది. బీసీజీ, తొలి పోలియో చుక్కలు, ఆరు వారాల పెంటా (అయిదు జబ్బులకి ఒకే టీకా) పుట్టింటి దగ్గరే పడతాయి. తర్వాత బిడ్డతో తల్లి అత్తారింటికి వెళ్తుంది. పుట్టింటి ఊరి డ్యూ లిస్టులో (టీకా వెయ్యాల్సిన పిల్లల జాబితా) "రాలేదు" అని ఉండిపోతుంది, అక్కడి రిజిస్టర్లో పేరే ఉండదు. తొమ్మిది నెలలకి పడాల్సిన ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా ఇలాంటి పిల్లలకే తప్పిపోయే ప్రమాదం ఎక్కువ. యూ-విన్‌లో తల్లి ఫోన్ నంబరు కొడితే పాత టీకాలన్నీ కనిపిస్తాయి. నంబరు మారితే మాత్రం కొత్తగా నమోదు చేసేస్తారు, ఒక బిడ్డ ఇద్దరవుతుంది. అలాంటివి ఏరకుండా లెక్కేస్తే ఫలితం తప్పుతుంది.

కాయితం ఒక్కటే, కాయితంతోపాటు యూ-విన్: ఈ రెండు పద్ధతుల ఖర్చుల్లో తేడాని, పూర్తి టీకాలు అందిన పిల్లల సంఖ్యలో తేడాతో భాగించాలి. ప్రతి బిడ్డనీ ఆశా పేరుపెట్టి పిలిచే ఊళ్లో ఆ రెండో తేడా బాగా చిన్నది. రాకపోకలు, వలసలు ఉన్నచోట పెద్దది. అందుకే అన్నిటికీ కలిపి ఒకే సగటు ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు, విడివిడిగా రాశాను. కాయితం రిజిస్టర్ ఆపేస్తే ఖర్చు ఎలా తగ్గుతుందో చూపే పట్టిక ఒకటి వేరుగా వేశాను. జిల్లా టీకాల అధికారికి ఇచ్చిన కాపీలో దాన్నే మొదటి పేజీలో పెట్టాను.